కరువు తెలియని చెట్టు

మొన్న మా కోడలు మిర్యాలగూడలో కొత్తగా తెరిచిన ఫర్నిచర్ షాపుకు నన్ను కూడా వెంటబెట్టుకుని పోయింది. ఇంట్లో ఒక్కదాన్ని వదిలేస్తే పాలవాడితోనో, గ్యాసు తెచ్చే పిల్లగాడితోనో పేచీ పెట్టుకుంటానని దాని భయం. భోజనాల బల్ల కొనాలట. షాపు అతను బల్ల మీద వేళ్లతో టకటకా కొట్టి ఇది అసలు సిసలు టేకు, మీ మనవల మనవలు కూడా దీని మీదనే తింటరని చెప్తుంటే కోడలు తల ఊపుతోంది గాని నాకు మాత్రం మనసొప్పలేదు. కొయ్యను పైన చూసి నమ్మేదాన్ని కాను నేను, కొసన చూడాలి. మోకాలు పట్టుకుని మెల్లగా వంగి అంచు చూస్తే చుట్టూ ఏదో పట్టీ అతికించి ఉంది, గోటితో గీకితే లేచి వచ్చింది. పక్క బల్ల చూశాను. దాని మీదా అదే చోట అదే ముడి, కోడిగుడ్డంత, దాని చుట్టూ అవే గీతలు. కవల పిల్లలకైనా ఒక పుట్టుమచ్చ తేడా ఉంటుంది గదా, రెండు చెట్లకు ఒకటే ముడి ఎట్లా వచ్చిందయ్యా అని అడిగితే అతను నవ్వి కోడలికి ధర చెప్పడం మొదలుపెట్టాడు. కోడలు నా రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయి, మీకు అందరి మీదా అనుమానమే అత్తమ్మా అని విసుక్కుంది.

అవును, అనుమానమే. నా ఈడు వాళ్లెవరైనా మిగిలి ఉండి ఇది చదువుతుంటే వాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. మనం పెరిగిన రోజులు అట్లాంటివి. ఈ కాలపు పిల్లలు ముక్కూ మొహం తెలియని వాడికి ఫోనులో ఇంటి గుర్తులన్నీ చెప్తుంటే నా గుండె దడదడలాడుతుంది. మా కాలంలో ఊరికి కొత్త మనిషి వచ్చి మంచినీళ్లడిగితే ముంత అందించేలోపల వాడి కాళ్ల దుమ్ము ఏ రంగుదో చూసి, ఏ దిక్కు నుంచి వచ్చాడో తేల్చుకునేవాళ్లం. రజాకార్ల భయం ఒకపక్క, సంఘపోళ్లకు ఎవరు అన్నం పెడుతున్నారో అన్న ఆరా ఒకపక్క, పటేలు మనుషుల చెవులు ఒకపక్క. సూర్యాపేటకు కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్లో ఆ రెండు మూడేళ్లు ఎవరూ ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడిన గుర్తు లేదు నాకు. పొద్దున పలకరించిన వాడు సాయంత్రానికి ఏం మోసి ఎక్కడ చెప్తాడోనని నవ్వు కూడా కొలిచి నవ్వేవాళ్లు.

అందులోనూ మా నాయనమ్మ కడుపున పుట్టిన వంశం మాది. ఆమె గంపలో బియ్యం పోసి పైన చదును చేసి నడిమధ్య బొటనవేలు ముద్ర వేసి మూత పెట్టేది. ముద్ర చెదిరితే ఆ పూట ఇంట్లో అందరికీ విచారణే. ఉప్పు కుండ మీద, పెరుగు మీద, ఆఖరికి గోడకు కొట్టిన పిడకల మీద కూడా ఆమె గుర్తులుండేవి. నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగి అవన్నీ నేర్చుకున్నాను. పుట్టడమే కరువు ఏడు పుట్టాను. ఆ ఏడు, దాని ముందటేడు వానలు మొహం చాటేసినయట. మా అమ్మ గంజి నీళ్ల మీద నన్ను కన్నదని, నా తల మీద వెంట్రుకలు కూడా రెండేళ్ల దాకా సరిగా రాలేదని నాయనమ్మ ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేది. కరువు పిల్లా అనే పిలిచేది నన్ను. ఆ పేరు వింటే ఒళ్లు మండేది గాని, అదే ఒకనాడు మా బావ ప్రాణానికి అడ్డం పడుతుందని నాకేం తెలుసు.

మా మేనత్తను కోదాడకు ఇచ్చారు. ఆమె కొడుకే మా బావ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను అతనికే అనుకున్నారు. ఎడ్ల బండి తోలేవాడు. మిర్యాలగూడ దాటి కృష్ణ ఒడ్డు గుట్టల నుంచి కట్టె, వెదురు, అప్పుడప్పుడు టేకు తెచ్చి సూర్యాపేటలో దించేవాడు. మనిషి మంచివాడే గాని మాట తీరు కోదాడది, చేశాను, వచ్చాను అని సాగదీస్తూ అటు కృష్ణా జిల్లా వాళ్ల వాసన తగిలేది. మా ఊరివాళ్లకు ఆ యాసంటేనే గుబులు. మన మాట మాట్లాడని వాడి కడుపులో ఏముందో ఎట్ల తెలుస్తదనేవాళ్లు. వేరే రోజుల్లోనైతే నవ్వుకుని ఊరుకునే మాట అది, ఆ రోజుల్లో మాత్రం మనిషిని ఠాణా దాకా ఈడ్చే మాట.

మా ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది. కొత్త జంటకు వేసే ఇంటి దర్వాజ కొయ్యను మగపెళ్లివారే తెచ్చినా, ఆడపిల్ల పుట్టింటి వాకిట్లో దించి, అక్కడే చెక్కించి, పిల్ల తల్లి చేత పసుపు రాయించి గాని తీసుకుపోయేవాళ్లు కాదు. ఆ ఎండాకాలం బావ ఒక టేకు దుంగ తెచ్చి మా వాకిట్లో వేపచెట్టు పక్కన దొర్లించి, రెండు కొసలకూ పేడ దట్టంగా పూశాడు. పచ్చి కొయ్యకు ఎండ తగిలితే కొసల నుంచి పగులుతుంది, పేడ పూస్తే నిదానంగా ఆరుతుంది, అందరూ చేసేదే అది. మేమెవ్వరం దాన్ని వింతగా చూడలేదు. ఆ రాత్రి అన్నం తిని అతను మా అరుగు మీదనే పడుకున్నాడు.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. వాగు ఒడ్డున పటేలు పెంచుకుంటున్న టేకు చెట్టు మాయమైంది. ఆ చెట్టంటే ఆయనకు ప్రాణం, కొత్తగా కట్టబోయే మేడకు దర్వాజ చేయించాలని దాని మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. అది ఎన్నడు పోయిందో కూడా సరిగా తెలియదు, వాగు ఎండిందని రెండు మూడు రోజులుగా ఎవరూ అటు పోలేదు. మొద్దు మాత్రం మిగిలింది, గొడ్డలి దెబ్బ లేకుండా రంపంతో నున్నగా కోసి ఉంది. ఎవరో వచ్చి మా వాకిట్లో దుంగను చూసిపోయారు. ఇంకెవరో వచ్చి చూసిపోయారు. మధ్యాహ్నానికి పటేలే వచ్చాడు, వెంట నలుగురు మనుషులు. దుంగ చుట్టూ తిరిగి, చేతికర్రతో పేడను పొడిచి, బావ వైపు చూడకుండానే అడిగాడు.

"కొసలకు గింత పేడెందుకు పూసినవ్‌రా? ఏం గుర్తు దాసినవ్ దీని కింద?"

పగలకుండా పూశానని బావ అన్నాడు. ఏ దారిన తెచ్చినవంటే నార్కట్‌పల్లి బాటన తెచ్చానన్నాడు. ముందు రోజు మా నాయనతో మాత్రం డొంక దారిన తెచ్చానన్నాడు, అది నేను వంటింటి గుమ్మంలో నిలబడి నా చెవులతో విన్నాను. పటేలు మనుషుల్లో ఒకడు ఇంకో మాట అందుకున్నాడు. రంపం ఒక్కడు లాగలేడు గదా, అవతలి పిడి పట్టిందెవరని అడిగి మా నాయన చేతుల వైపు చూశాడు. బావ ఎడ్లను విప్పుకుపోయి పటేలు దొడ్లో కట్టేశారు, బావను చావడిలో కూర్చోబెట్టారు. తెల్లారి సూర్యాపేట ఠాణాకు పంపుతామన్నారు. చెట్టు కొట్టిన దొంగతనానికి ఠాణాకు పోయిన వాడి మీద ఆ రోజుల్లో సంఘపోడని ఇంకేం రాసి పంపేవాళ్లో, అక్కడి నుంచి మనిషి తిరిగి వచ్చేవాడో రాడో మీకు తెలుసు. మా మేనత్తకు ఒక్కడే కొడుకు.

నేను ఏడ్చాననుకుంటున్నారేమో, ఏడవలేదు. నాకు కోపం వచ్చింది, అది కూడా బావ మీదనే. రెండు దార్లు ఎందుకు చెప్పాడు? ముందు రోజు అన్నం తినేటప్పుడు తల ఎందుకు ఎత్తలేదు? నాయన ఆ రాత్రి ఆలస్యంగా ఎందుకు వచ్చాడు? నాయనమ్మ గోడకు జారగిలబడి కూర్చుని, సొంత కూతురి కొడుకు గురించి, ఏమో తల్లీ, తండ్రి పోలిక వచ్చిందేమోనని గొణిగింది. అమ్మ పొయ్యి ముట్టించలేదు. మా ఇంట్లో మేమే ఒకరి మొహం ఒకరం చూసుకోలేని పరిస్థితి. అనుమానం ఒకసారి పొయ్యిలో పడిందంటే పచ్చి కట్టె లాగా పొగే గాని మంట రాదు, కళ్లు మండుతూనే ఉంటాయి. అది ఎట్లాగైనా తేల్చుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. అతను దొంగైతే దొంగని తెలియాలి నాకు, పెళ్లి తర్వాత తెలిస్తే ఏం లాభం?

చెట్టు ఏడాదికొక వరుస పోసుకుంటుందని మా ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. నాయన మొద్దులు చీల్చేటప్పుడు కొస తడిపి చూపించేవాడు, వానలు దండిగా పడిన ఏడు వరుస వెడల్పుగా ఉంటుంది, ఎండిన ఏడు సన్నగా దారపు పోగులా ఉంటుంది. బెరడు పక్కది నిరుటిది, లోపలికి పోయిన కొద్దీ పాత ఏళ్లు. మేం పిల్లలం బెరడు నుంచి లెక్కబెట్టుకుంటూ పోయి ఎవరు పుట్టిన వరుస వాళ్లు వెతుక్కునేవాళ్లం. ఏ దుంగలో చూసినా నాది సన్నగానే ఉండేది, అది చూపించి మా అన్న ఏడిపించేవాడు.

పేడ గంప నెత్తిన పెట్టుకుని, పిడకలకు పోతున్నట్టు వాగు దిక్కు నడిచాను. గంపలో ఒక తాటాకు ముక్క వేసుకున్నాను. అప్పట్లో ఏది కొలవాలన్నా తాటాకే గదా, పిల్ల నడుము కొలత నుంచి గుమ్మం కొలత దాకా దాని మీద గోటితో నొక్కి గుర్తు పెట్టుకునేవాళ్లం. వాగు ఒడ్డున ఎవరూ లేరు గాని నాకు ప్రతి పొద వెనకాలా ఎవరో ఉన్నట్టే అనిపించింది. మొద్దు మీద ఉమ్మి కొంగుతో తుడిచాను. గీతలు తేలాయి. తాటాకును బెరడు దగ్గర ఆనించి నడిమి దాకా పరిచి ఒక్కొక్క వరుస దగ్గర గోటితో నొక్కుకుంటూ పోయాను. నేను పుట్టిన వరుస దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అది నా వేలంత వెడల్పు ఉంది. దాని ముందటేడు కూడా అంతే. ఊరంతా గంజి తాగిన ఏళ్లలో ఆ చెట్టు మాత్రం కడుపునిండా తాగింది. వాగు ఎండినా అడుగున చెమ్మ ఉంటుంది గదా, దాని వేళ్లు అక్కడికి పోయినట్టున్నాయి.

ఇంటికి వచ్చి కొడవలి తీసుకుని దుంగ కొసన పేడ గీకాను. నీళ్లు చల్లాను. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. తాటాకు ఆనించి చూస్తే ఒక్క గుర్తు కూడా కలవలేదు. నేను పుట్టిన ఏడు, దాని ముందటేడు ఒకదాన్నొకటి అంటుకుపోయి వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. ఆ చెట్టు గుట్ట మీద, రాళ్ల మధ్య, మాతో పాటే ఎండింది. నేను మట్టిలో కూలబడి దుంగ మీద తల ఆనించాను. నాయనమ్మ వచ్చి ఏమైందని అడిగి, నా మాట నమ్మక, తానే కళ్లు దగ్గర పెట్టి రెండుసార్లు చూసి, తర్వాత కర్ర అందుకుని చావడికి పోయింది.

పటేలు వచ్చాడు. బావను కూడా తీసుకొచ్చారు, ఊళ్లో సగం మంది వచ్చారు. పటేలు ముందు మొద్దు దగ్గరికి పోయి తానే చూశాడట, వరుసలు లెక్కబెట్టేంత చూపు ఆయనకు ఆనదు, వచ్చి దుంగను చూశాడు. ఆ కరువులో ఆయన ఇంటి ఎడ్లు కూడా చచ్చినాయి, ఆయనకూ గుర్తుంది. అయినా ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. తాటాకు చేతిలోకి తీసుకుని ఎండకు పెట్టి చూసి, నన్ను పిలిచాడు.

"ముందు ఏడ గుర్తు వెట్టినవ్ పిల్లా? మొద్దు కాడనా, దుంగ కాడనా?"

ఆయన అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ముందు దుంగను చూసుకుని, దానికి కలవకుండా ఉండేట్టు ఆకు మీద నా ఇష్టమొచ్చిన గుర్తులు గీకానేమోనని. మేనబావను కాపాడుకునే పిల్ల ముందు దుంగ దగ్గరికే పోతుంది. బావ నా వైపు చూస్తున్నాడు. నేను నేలను చూస్తూ చెప్పాను.

"మొద్దు కాడనే. దుంగకు అప్పటికి పేడ అట్లనే ఉండె."

"ఎందుకు? మీ బావ మాట నమ్మలేదా?"

"నమ్మలే."

పటేలు నన్ను చాలాసేపు చూశాడు, అబద్ధం వెతుకుతున్నట్టు. తర్వాత తాటాకును నా చేతికే ఇచ్చేశాడు. ఈ పిల్ల పచ్చి అనుమానపు పిల్ల, దీని గుర్తు నమ్మొచ్చు అన్నాడు. నా చెట్టుకు కరువే తెల్వదని ఎవరితోనో అంటూ ఎడ్లను విడిచిపెట్టమని చెప్పి వెళ్లిపోయాడు. బావను ఎవరూ క్షమించమని అడగలేదు, ఆ రోజుల్లో అట్లాంటి అలవాటు లేదు.

రెండు దార్ల సంగతి మాత్రం బావ పోయేముందు నాయనకు చెప్పాడట, బాటన వస్తే కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టాలని డొంకల్లో పడి వచ్చాడట, పటేలు ముందు అది చెప్పలేకపోయాడు. అంటే నా అనుమానం మరీ గాలికి పుట్టింది కాదు. అమ్మ అన్నం పెట్టినా తినకుండా ఎడ్లను కట్టుకుని కోదాడ పోయాడు. వర్షాకాలం గడిచింది, సర్కారు మారింది, చలికాలం వచ్చింది, కోదాడ నుంచి మాట లేదు. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాం. నేను వాకిట్లో ఆ దుంగను చూసి చూసి, ఒక రోజు దాని కొస మీద ఒక గీత కనిపించి దగ్గరికి పోయాను. నేను పేడ గీకిన కొసన, నడిమి నుంచి బెరడు దాకా పగులు పారింది. అవతలి కొస మాత్రం నిక్షేపంగా ఉంది.

మరుసటి ఎండాకాలం మేనత్త వచ్చి ముహూర్తం పెట్టించుకుని పోయింది. ఎవరు ఎవరికి నచ్చజెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. దర్వాజ చెక్కేటప్పుడు ఆ పగిలిన కొసను నరికేద్దామని వడ్లాయన అంటే బావ వద్దన్నాడట. కుడివైపు కొయ్యకు అడుగున, గడప దగ్గర, ఆ పగులు అట్లాగే ఉండిపోయింది. కోదాడలో ఆ గుమ్మం దాటి లోపలికి పోయిన రోజు నా కాలి బొటనవేలు సరిగా దాని పక్కనే పడింది.

కలిసి చాలా ఏళ్లు బతికాం. పిల్లలు, పొలం, తర్వాత బండి పోయి లారీ వచ్చింది. ఆయన మంచి మనిషి అని నేను ఎక్కడైనా చెప్తాను. కానీ సంత నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు ఎక్కడికి పోయావని అడిగితే చాలు, తాటాకు తెచ్చుకుంటావా అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు తెలిసేది కాదు, ఆయన పోయేదాకా అదొక ముల్లు నాకు. పగులులో లక్క పోయించమని ఎన్నిసార్లు అడిగినా పోయించలేదు. పటేలు చెట్టు ఎవరు కొట్టారో కూడా ఎన్నడూ తేలలేదు, నేను మాత్రం ఎవరింటికి పేరంటానికి పోయినా ముందు గుమ్మం అడుగు చూసేదాన్ని. ఒకరిద్దరి మీద ఇప్పటికీ నాకు గట్టి అనుమానమే ఉంది, పేర్లు చెప్పను, వాళ్ల మనవలు ఉన్నారు.

ఆయన చివరి రోజుల్లో సూర్యాపేట దవాఖానలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను సెలైన్ సీసా వైపు చూస్తూ అందులో నిజంగా మందు కలిపారో లేదోనని నర్సును అడిగాను. ఆయన కళ్లు తెరిచి చాలా మెల్లగా అన్నాడు.

"నువ్వు నమ్మకపోబట్టే నేను బతికాను పిల్లా. నువ్వు నమ్మి ఉంటే ఆ పటేలు నమ్మేవాడు కాదు. అప్పట్లో నాకది అర్థం కాలేదు."

ఎప్పుడు అర్థమైందని అడిగాను. కళ్లు మూసుకుని, అడుగుతావని తెలుసులే అన్నాడు.

ఆ దుంగ పుట్టిన గుట్ట ఇప్పుడు లేదు, సాగరు కట్టినప్పుడు ఆ లోయలన్నీ నీళ్లల్లో కలిసిపోయినయి. కాలువ వచ్చి మిర్యాలగూడ చుట్టుపక్కల రెండు పంటలు పండుతున్నాయి, ఎవరు కాదంటారు, మేమూ ఆ బియ్యమే తింటున్నాం. కాలువ గట్ల మీది చెట్లన్నీ ఇప్పుడు ఆ పటేలు చెట్టు లాగే పెరుగుతున్నాయి, ఏ ఏడు ఎండిందో వాటికి తెలియదు. మా పిల్లలకు అసలే తెలియదు. కోదాడ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయినప్పుడు దర్వాజ అడుగు కొస ఒక్కటి కోయించి తెచ్చుకున్నాను. కోడలు చెత్తలో వేయబోతే గొడవ పెట్టుకుని నా మంచం కింద పెట్టుకున్నాను. ఆ షాపు బల్ల కూడా చివరికి కొన్నారు, దాని మీద తింటున్నాం, ఒక గీత లేదు, ఒక మరక అంటదు, దాన్ని అనుమానించడానికి కూడా ఏమీ దొరకదు.

ఆ ముక్క మాత్రం ఇంకా బతికే ఉన్నట్టుంటుంది. ఎండాకాలం పగులు నోరు తెరుస్తుంది, నా గోరు లోపలికి పోతుంది. వానలు పట్టుకున్నాక గాలిలో చెమ్మ తాగి మెల్లగా మూసుకుంటుంది. రోజూ పొద్దున లేచి గోరు పెట్టి చూడడం నాకు అలవాటు, టీవీలో వానల సంగతి ఎన్ని చెప్పినా నేను దీన్నే అడుగుతాను. శ్రావణం వచ్చేసింది, ఇవాళ పొద్దున కూడా చూశాను. గోరు ఇంకా లోపలికి పోతూనే ఉంది.